బాక్సింగ్ సిరీస్‌ను ఎవరూ ఎందుకు చూడరు? నన్ను ఇంటికి పంపిన ఇంటర్వ్యూ ప్రశ్న

2019. ఇంజినీరింగ్ పూర్తయి అయిదు నెలలు. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. అమీర్‌పేటలో హాస్టల్ గదిలో నలుగురం. ఉదయం కోచింగ్, సాయంత్రం జాబ్ పోర్టల్స్, రాత్రి అమ్మ ఫోన్. ‘ఏమైనా తెలిసిందా నాన్నా?’ అని అడగడానికి కూడా ఆవిడ మొహమాటపడే దశకి వచ్చేశాం.

అలాంటప్పుడు మాదాపూర్‌లో ఓ వీడియో స్ట్రీమింగ్ కంపెనీ నుంచి డేటా అనలిస్ట్ పోస్టుకి పిలుపు వచ్చింది. రాత పరీక్ష గట్టెక్కాను. ఎస్‌క్యూఎల్ రౌండ్ కూడా బాగానే చేశాను. మూడో రౌండ్‌లో ఒక మేడమ్ వచ్చి కూర్చున్నారు. ల్యాప్‌టాప్ మూసేసి మామూలుగా అడిగారు. ‘ఒక బాక్సింగ్ డ్రామా సిరీస్ ఉందనుకోండి. విమర్శకులు మెచ్చుకున్నారు. పూర్తిగా చూసినవాళ్లు చాలా బాగుందంటున్నారు. కానీ జనం మాత్రం రావట్లేదు. ఎందుకు? మీరైతే ఏం చేస్తారు? ఇరవై నిమిషాలు తీసుకోండి.’

నేను రెండు నిమిషాలు కూడా తీసుకోలేదు. రికమెండేషన్ ఇంజిన్ మారుస్తానన్నాను. యాక్షన్ సినిమాలు చూసేవాళ్లకి హోమ్‌పేజీలో మొదటి వరసలో చూపిస్తానన్నాను. రెండు అల్గారిదమ్‌ల పేర్లు కూడా చెప్పాను. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగారు. ‘ఆ సిరీస్‌ను మీరు మీ అమ్మగారితో కూర్చుని చూస్తారా?’ నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. తర్వాత టెక్ బ్లాగు రాస్తూ, ఓటీటీల పనితీరు గురించి చదువుతూ ఉంటే ఒక సంగతి తెలిసింది. ఆవిడ ఊహించి అడిగిన ప్రశ్న కాదది. అచ్చంగా అలాగే జరిగిన కేసులున్నాయి. మీలో చాలామంది రేపో మాపో ఇలాంటి కేస్ రౌండ్‌లో కూర్చుంటారు కాబట్టి, నేను ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు మీకు చెబుతాను.

అసలు కేసు: ‘లైట్స్ అవుట్’

2011 జనవరిలో అమెరికాలో ఎఫ్‌ఎక్స్ అనే కేబుల్ చానల్‌లో ‘లైట్స్ అవుట్’ మొదలైంది. హీరో ప్యాట్రిక్ లియరీ మాజీ హెవీవెయిట్ చాంపియన్. భార్య మాటకి కట్టుబడి ఆట వదిలేశాడు. ముగ్గురు కూతుళ్లు, పెద్ద ఇల్లు. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. లోపల మాత్రం డబ్బులు అయిపోతున్నాయి. లెక్కలు చూసే సొంత తమ్ముడే ఆ డబ్బుని నిలబెట్టలేకపోయాడు. ఇది చాలదన్నట్టు, ఏళ్ల తరబడి తలకి తగిలిన దెబ్బల వల్ల మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టర్ చెబుతాడు. ఇల్లు నిలవాలంటే మళ్లీ రింగులోకి దిగాలి. దిగితే మెదడు దక్కదు.

కథ చదువుతుంటేనే ఆసక్తిగా ఉంది కదా? విమర్శకులూ అదే అన్నారు. హోల్ట్ మెకాలనీ అనే నటుడు ప్రధాన పాత్రలో ఒదిగిపోయాడని మెచ్చుకున్నారు. అయితే మొదటి ఎపిసోడ్ చూసినవాళ్లు సుమారు 15 లక్షల మందే. ఆ తర్వాత సంఖ్య ఇంకా తగ్గింది. సీజన్ ఇంకా ప్రసారమవుతుండగానే, మార్చిలో, రెండో సీజన్ ఉండదని చానల్ ప్రకటించేసింది. 13 ఎపిసోడ్లతో కథ ముగిసింది.

ఇదొక్కటే కాదు. 2005లో ఎన్‌బీసీ చానల్ ‘ది కంటెండర్’ అనే బాక్సింగ్ రియాలిటీ షో తెచ్చింది. ముందు నిలబడింది ఎవరో కాదు, ‘రాకీ’ సిల్వెస్టర్ స్టాలోన్, పక్కన మాజీ చాంపియన్ షుగర్ రే లియోనార్డ్. అంత హంగామా చేసినా ఎన్‌బీసీ ఒక్క సీజన్‌తో వదిలేసింది. తర్వాత అది ఈఎస్‌పీఎన్ అనే స్పోర్ట్స్ చానల్‌కి వెళ్లింది. దక్షిణ కొరియాలో 2023లో కేబీఎస్ ప్రసారం చేసిన ‘మై లవ్లీ బాక్సర్’కి కూడా రేటింగ్స్ పెద్దగా రాలేదు.

మరి బాక్సింగ్ అంటేనే జనానికి పడదా? అలా అనుకుందామంటే సినిమాలు అడ్డొస్తాయి. ‘రాకీ’ 1976లో వచ్చింది. సుమారు పది లక్షల డాలర్ల చిన్న బడ్జెట్‌తో తీస్తే ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కొట్టింది. 2004 నాటి ‘మిలియన్ డాలర్ బేబీ’ కూడా ఉత్తమ చిత్రమే. ‘రేజింగ్ బుల్’, ‘ది ఫైటర్’, ‘క్రీడ్’... లిస్టు పెద్దదే. అదే ఆట. అవే గ్లోవ్స్. థియేటర్‌లో గెలిచింది ఇంట్లో టీవీ మీద ఎందుకు ఓడిపోతోంది?

ఇదీ అసలు ప్రశ్న. నేను అల్గారిదమ్ పేర్లు చెప్పేముందు అడగాల్సింది ఇది.

కారణం 1: క్లిక్ చేయకముందే పోతున్నారు

ఒక సిరీస్ పోస్టర్ మీద గ్లోవ్స్ వేసుకున్న మనిషి కనిపించాడనుకోండి. చూసేవాళ్లు రెండు గుంపులుగా విడిపోతారు. బాక్సింగ్ అంటే ఇష్టం లేనివాళ్లు ‘రక్తం, కొట్టుకోవడం మనకెందుకు’ అని పక్కకి జరిపేస్తారు. లోపల ముగ్గురు కూతుళ్ల కథ ఉందని వాళ్లకి తెలిసే అవకాశమే లేదు. ఇక బాక్సింగ్ అంటే ప్రాణం పెట్టేవాళ్లకి అసలు ఆట ఉంది. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియని నిజమైన ఫైట్ ముందు, రాసి పెట్టుకున్న ఫైట్ చప్పగానే ఉంటుంది. అంటే ఏ గుంపు కోసం తీశారో ఆ గుంపుకి అక్కర్లేదు, ఎవరికి నచ్చుతుందో వాళ్లు లోపలికి రారు.

ఇక్కడ మన సినిమాల్ని ఒకసారి గుర్తు చేసుకోండి. తెలుగులో కిక్ బాక్సింగ్, బాక్సింగ్ నేపథ్యంతో బాగా ఆడినవి ఏవి? ‘తమ్ముడు’, ‘అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి’, ‘గురు’. ఆ పేర్లు మళ్లీ చదవండి. ఒక్కదాంట్లోనూ బాక్సింగ్ లేదు. తమ్ముడు, అమ్మ, నాన్న, గురువు... అన్నీ బంధాలే. అన్న దెబ్బతింటే తమ్ముడు రింగులోకి దిగుతాడు. వదిలేసి వెళ్లిన నాన్న దగ్గరికే కొడుకు కోచింగ్ కోసం వెళ్తాడు. విసుగెత్తిన కోచ్‌కి ఒక మొండి పిల్ల దొరుకుతుంది. టికెట్ కొన్నవాళ్లు బంధం చూడ్డానికి వెళ్లారు, ఆట కూడా చూసి వచ్చారు. పేరు ఒక్కటే సినిమాని ఆడించిందని నేననను. కానీ లోపల ఏముందో బయటి బోర్డు మీద రాసి ఉంది.

కారణం 2: బాక్సర్ ఇంటికి కేసులు రావు

ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైన పాయింట్. ఫైట్ అంటే స్వభావరీత్యా ముగింపు. గంట మోగుతుంది, ఒకడు గెలుస్తాడు, కథ అయిపోతుంది. రెండు గంటల సినిమాకి ఇంతకంటే మంచి నిర్మాణం లేదు. గంటన్నర ఎక్కడం, చివర్లో పోరు. ‘రాకీ’ చివరి ఫైట్‌లో హీరో పాయింట్ల మీద ఓడిపోతాడు. అయినా మనకి తృప్తిగా ఉంటుంది. ఎందుకంటే పదిహేను రౌండ్లూ నిలబడాలన్నదే అతను పెట్టుకున్న లక్ష్యం.

ఇప్పుడు దీన్ని 13 గంటలకి సాగదీయండి. పేరున్న ప్రొఫెషనల్ బాక్సర్ ఏడాదికి రెండు మూడుసార్లకి మించి రింగులోకి దిగడు. వారానికో ఫైట్ పెడితే నమ్మబుద్ధి కాదు. పైగా నాలుగో ఫైట్‌కే ‘ఎలాగూ గెలుస్తాడులే’ అనిపిస్తుంది. పోనీ ఒక్క ఫైట్‌నే చివరిదాకా దాచిపెడితే, పన్నెండు గంటలు దేనికోసం చూడాలి?

ఆసుపత్రి డ్రామాకి, పోలీసు డ్రామాకి, కోర్టు డ్రామాకి ఈ తిప్పలు లేవు. వాటికి ఒక తలుపు ఉంటుంది. వారం వారం ఆ తలుపు తెరుచుకుని కొత్త పేషెంటో, కొత్త కేసో లోపలికి వస్తుంది. బాక్సర్ ఇంటికి అలాంటి తలుపు లేదు. ‘లైట్స్ అవుట్’ను నడిపించిన రచయిత వారెన్ లైట్ అది ఆగిపోయిన అదే ఏడాది ఎక్కడికి వెళ్లాడో తెలుసా? ‘లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్’ అనే పోలీసు సిరీస్‌కి. వారానికో కేసు పద్ధతిలో 1999లో మొదలైన ఆ సిరీస్ పాతికేళ్లు దాటినా నడుస్తూనే ఉంది. రచయిత అతనే. మారింది పాత్ర ఆకారం.

టీవీలో బాక్సింగ్ కథ అద్భుతంగా పండిన సందర్భం ఒకటుంది. 1956లో సీబీఎస్ ‘ప్లేహౌస్ 90’ కార్యక్రమంలో ‘రిక్వియెమ్ ఫర్ ఎ హెవీవెయిట్’ వచ్చింది. రచన రాడ్ సెర్లింగ్. ఆట అయిపోయిన ఒక బాక్సర్ మామూలు ఉద్యోగం కోసం వెతుక్కునే కథ. దానికి ఎమ్మీలు వచ్చాయి, పీబాడీ అవార్డు వచ్చింది. కానీ అది సీరియల్ కాదు. ఒక్క రాత్రి, తొంభై నిమిషాల స్లాట్. ఈ ఆటకి సరిపడే కొలత అదేనేమో.

టీమ్ ఆటల సంగతి వేరు. ‘ఫ్రైడే నైట్ లైట్స్’ అమెరికన్ ఫుట్‌బాల్ మీద 2006 నుంచి 2011 వరకు అయిదు సీజన్లు నడిచింది. దానికీ రేటింగ్స్ గొప్పగా ఏం రాలేదు. కానీ అందులో కోచ్ ఉన్నాడు, కోచ్ భార్య ఉంది, ఊరంతా ఉంది. పాత కుర్రాళ్లు స్కూల్ వదిలితే కొత్తవాళ్లు వస్తారు. బాక్సింగ్‌లో తాళ్ల లోపల ఇద్దరే. మిగతా అందరూ బయట కూర్చుని అరవాల్సిందే.

కారణం 3: టైమ్, డబ్బు

తెర మీద ఒక మంచి ఫైట్ తీయడం చాలా కష్టం. ‘రేజింగ్ బుల్’లో రింగు దృశ్యాలు మొత్తం కలిపినా కొద్ది నిమిషాలే. వాటికోసం మార్టిన్ స్కోర్సెస్ వారాల తరబడి షూటింగ్ చేశాడు. ‘క్రీడ్’లో ఒక ఫైట్ మొత్తాన్ని ఒకే షాట్‌లో, కట్ లేకుండా తీశారు. దాని వెనక ఎంత రిహార్సల్ ఉండాలో ఊహించండి. అమెరికాలో గంట నిడివి టీవీ ఎపిసోడ్‌కి సాధారణంగా దొరికేది ఏడెనిమిది రోజులు. అందులోనే ఇంటి సీన్లు, జిమ్ సీన్లు, ఫైటు కూడా. ఇవి తీసేటప్పుడు ప్రేక్షకుడి బుర్రలో ‘రాకీ’ ఎలాగూ ఉంటుంది. పోలిక తప్పదు.

కారణం 4: ఆట ఇంట్లోంచి వెళ్లిపోయింది

అమెరికాలో టీవీ పుట్టిన కొత్తల్లో బాక్సింగే పెద్ద ఆకర్షణ. రింగు చిన్నది, వెలుతురు ఉంటుంది, ఒకటి రెండు కెమెరాలు చాలు. జిలెట్ కంపెనీ స్పాన్సర్‌షిప్‌తో ఎన్‌బీసీలో శుక్రవారం రాత్రి ఫైట్లు 1960 దాకా వచ్చాయి. ఇంటిల్లిపాదీ చూసేవాళ్లు.

తర్వాత రెండు రాత్రులు చాలా మార్చేశాయి. 1962 మార్చి 24న ఏబీసీ లైవ్‌లో ఎమిల్ గ్రిఫిత్ చేతిలో దెబ్బలు తిని బెన్నీ పారెట్ కోమాలోకి వెళ్లాడు. పది రోజులకి చనిపోయాడు. 1982 నవంబరు 13న సీబీఎస్ లైవ్‌లో రే మాన్సినీతో తలపడిన కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ కొద్ది రోజులకే ప్రాణాలు విడిచాడు. ఆ తర్వాతే వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ టైటిల్ ఫైట్లను 15 రౌండ్ల నుంచి 12కి తగ్గించింది. హాల్లో పిల్లలతో కూర్చుని చూసే ఆట కాదేమోనన్న భయం ఇలాంటివాటితోనే బలపడింది.

పెద్ద ఫైట్లు మెల్లగా హెచ్‌బీవో లాంటి డబ్బు కట్టే చానళ్లకి, ఆపైన ఒక్కో ఫైట్‌కీ విడిగా డబ్బు కట్టే పే-పర్-వ్యూకి వెళ్లిపోయాయి. 2015లో మేవెదర్, పకియావో ఫైట్‌ను ఇంట్లో హెచ్‌డీలో చూడాలంటే దాదాపు వంద డాలర్లు. అయినా సుమారు 46 లక్షల కొనుగోళ్లు జరిగాయి. చూసే పిచ్చివాళ్లు ఉన్నారు. కానీ డబ్బు కట్టనివాళ్ల పిల్లలు ఈ ఆట చూడకుండానే పెరిగారు. చివరికి హెచ్‌బీవో 2018లో, షోటైమ్ 2023లో బాక్సింగ్ ప్రసారాలే మానేశాయి.

పైగా ఈ ఆట లెక్క తెలియనివాడికి అర్థం కాదు. నాలుగు పెద్ద సంస్థలు, 17 ప్రధాన బరువు విభాగాలు. ఒక్కో విభాగంలో నాలుగు బెల్టులు. గుణించి చూడండి, 68. ‘ప్రపంచ చాంపియన్ ఎవరు?’ అంటే ‘ఏ బెల్టుకి?’ అని తిరిగి అడగాలి. క్రికెట్ సినిమాలో చివరి బంతికి ఆరు కొట్టాలంటే మనకెవరూ వివరించక్కర్లేదు. బాక్సింగ్ సిరీస్ ప్రతిదీ నేర్పుకుంటూ పోవాలి.

అయితే ఇది అరలో పెట్టిన తప్పు కాదా?

ఇక్కడే మంచి ఇంటర్వ్యూయర్ మిమ్మల్ని ఆపుతారు. ‘వస్తువు తప్పా, అర తప్పా?’ అని అడుగుతారు. మన కిరాణా కొట్లోనే చూడండి. ముందు వరసలో ఉన్న బిస్కెట్ ప్యాకెట్ అమ్ముడవుతుంది, వెనక అరలోది దుమ్ము పడుతుంది.

‘కింగ్‌డమ్’ అని ఒక సిరీస్ ఉంది. బాక్సింగ్‌కి తమ్ముడులాంటి ఎంఎంఏ ఆట మీద తీసింది. తండ్రి నడిపే జిమ్, ఇద్దరు కొడుకులు. 2014 నుంచి 2017 వరకు మూడు సీజన్లు. అది వచ్చింది డైరెక్ట్‌టీవీ వాళ్ల సొంత చానల్‌లో, అంటే ఆ కనెక్షన్ లేనివాళ్లకి దాదాపు కనిపించనట్టే. 2020లో అదే సిరీస్ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక కొత్త ప్రేక్షకులు వచ్చారు. ఒక్క సీన్ మార్చలేదు. కరాటే మీద వచ్చిన ‘కోబ్రా కై’దీ ఇదే దారి. 2018లో యూట్యూబ్ పెయిడ్ సర్వీసులో మొదలైంది. 2020లో నెట్‌ఫ్లిక్స్‌కి మారాకే ప్రపంచమంతా చూసింది. 2025లో ఆరో సీజన్‌తో ముగిసింది.

అంటే అర ముఖ్యమే. కానీ అదొక్కటే అయితే, అందరికీ కనిపించే ఎన్‌బీసీలో స్టాలోన్ లాంటి పేరుతో వచ్చిన షో ఒక్క సీజన్‌కే ఎందుకు ఆగింది? రెండు కారణాలూ ఉన్నాయి. వేటి వాటా ఎంతో తేల్చడానికే డేటా కావాలి.

గెలిచినవి ఏం చేశాయి?

కొరియన్ సిరీస్ ‘బ్లడ్‌హౌండ్స్’ 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో బాగా ఆడింది. హీరోలిద్దరూ బాక్సర్లే. కానీ కథ అప్పులది. కోవిడ్ సమయంలో అమ్మ నడిపే చిన్న కెఫే వడ్డీ వ్యాపారుల చేతికి చిక్కుతుంది. ఆ కుర్రాళ్లు గుద్దే ప్రతి గుద్దూ బెల్టు కోసం కాదు, అమ్మ కోసం. యాప్‌లో అప్పు తీసుకుని ఇబ్బందిపడ్డవాళ్లు మన దగ్గరా ఉన్నారు కాబట్టి వివరించే పని లేదు. 2025లో వచ్చిన ‘ఎ థౌజండ్ బ్లోస్’ 1880ల నాటి లండన్‌లో గ్లోవ్స్ లేని ఫైట్ల కథ. అందులో బాక్సర్లతో సమానంగా దొంగతనాలు చేసే ఆడవాళ్ల ముఠా నడుస్తుంది. రెండో సీజన్ కూడా వచ్చింది.

జపాన్ యానిమేలో మాత్రం బాక్సింగ్‌కి పూర్తి మర్యాద దక్కింది. ‘హాజిమే నో ఇప్పో’ మాంగా 1989లో మొదలైంది. యానిమే 2000లో వచ్చి డెబ్బై ఎపిసోడ్లు దాటింది. ఎలా? బొమ్మల్లో షూటింగ్ కష్టం లేదు. ఒక్క గుద్దు మధ్యలో ఆపి అయిదు నిమిషాల గతం చెప్పొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి ప్రత్యర్థికీ ఒక ఇల్లు, ఒక కష్టం ఉంటాయి. ప్రత్యర్థే వారం వారం తలుపు తీసుకుని వచ్చే కొత్త ‘కేసు’. ఎవరు గెలిచినా మనకి ఒకరి కోసం బాధగా ఉంటుంది.

అంటే బాక్సింగ్ గమ్యం కాకుండా గుమ్మం అయినప్పుడు ప్రేక్షకులు లోపలికి వస్తున్నారు.

మన నిజామాబాద్ కథలోనూ అంతే. నిఖత్ జరీన్ 2011లోనే జూనియర్ ప్రపంచ చాంపియన్. 2017లో భుజానికి గాయమై చాలాకాలం ఆటకి దూరమైంది. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్‌కి నేరుగా ఎంపిక కాకుండా ట్రయల్స్ పెట్టమని కేంద్ర క్రీడామంత్రికి లేఖ రాసింది. ట్రయల్స్ పెట్టారు. డిసెంబరులో మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడిపోయింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. 2023లో దిల్లీలో మళ్లీ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్‌లోనే ఆగిపోయింది. ఈ కథని సిరీస్‌గా తీస్తే మనం దేని కోసం కూర్చుంటాం? రింగులో గడిచిన నిమిషాల కోసమా, ఆ లేఖ రాసే రాత్రి కోసమా? అందరి ముందు ఓడిపోయాక గడిచిన ఆ రెండున్నరేళ్ల కోసమా? నేను ఇంటర్వ్యూలో ఫెయిలైన ఏడాదీ 2019యే కాబట్టి నా జవాబు మీకు తెలుసు.

ఇప్పుడు ఆ ఇంటర్వ్యూకి వద్దాం

ఆవిడకి కావలసింది అల్గారిదమ్ పేరు కాదు. ‘జనం రావట్లేదు’ అనే ఒక్క మాటని నేను ముక్కలు చేస్తానా లేదా అని చూశారు. మీకు ఇలాంటి ప్రశ్న వస్తే కనీసం ఇవి అడగండి.

• సిరీస్ ఉందని ఎంతమందికి తెలిసింది? తెలియకపోతే అది అర సమస్య. ప్రచారం, ప్లాట్‌ఫామ్ చూడాలి.

• పోస్టర్ కనిపించినవాళ్లలో ఎంతమంది నొక్కారు? ఇక్కడ పడిపోతే బోర్డు సమస్య. పేరు, బొమ్మ, రెండు లైన్ల పరిచయం మార్చి పరీక్షించాలి. గ్లోవ్స్ బొమ్మ బదులు కూతుళ్ల బొమ్మ పెట్టి చూడాలి.

• మొదటి ఎపిసోడ్ సగంలో ఎంతమంది వెళ్లిపోయారు? అది కథనం సమస్య, లేదా పోస్టర్ ఒకటి చెప్పి లోపల ఇంకొకటి చూపించిన సమస్య.

• పూర్తి చేసినవాళ్లు రెండో ఎపిసోడ్‌కి వచ్చారా? రాకపోతే నిర్మాణం సమస్య. తిరిగి రావడానికి కారణం లేదన్నమాట.

• ‘చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు’ అన్న లెక్కని నమ్మొచ్చా? ఇష్టం లేనివాళ్లు మొదట్లోనే వెళ్లిపోతే చివరికి మిగిలేది మెచ్చుకునేవాళ్లే. అందరి అభిప్రాయం కాదది. నేను పూర్తిగా మిస్సయిన పాయింట్ ఇదే.

ఒక్కో దశకి మందు వేరు. ఏ దశలో జనం పోతున్నారో తెలియకుండా నేను మందు రాసిచ్చాను. డేటా ఉద్యోగాలే కాదు, ప్రొడక్ట్, మార్కెటింగ్, కన్సల్టింగ్... ఏ రౌండ్‌లోనైనా ఇరవై నిమిషాలు ఇచ్చారంటే మొదటి అయిదు నిమిషాలు ప్రశ్నలు అడగడానికే వాడండి. మీరు అడిగే ప్రశ్నలకి కూడా మార్కులుంటాయి.

ఇంకో సంగతి. ఆ రాత్రి హాస్టల్‌కి వచ్చి నా రెజ్యూమె తీసి చూసుకోలేదు. చూసుకోవాల్సింది. ఏడాది తర్వాత చూస్తే అదీ ఒక ‘లైట్స్ అవుట్’లాగే ఉంది. మొదటి ప్రాజెక్టు పేరు ‘ఐఓటీ ఆధారిత వెహికల్ ట్రాకింగ్ సిస్టమ్’. ప్రతి రెండో రెజ్యూమెలోనూ ఉండే పేరు. లోపల అసలు కథేంటంటే, మా కాలేజీ బస్సు ఎప్పుడొస్తుందో తెలియక అమ్మాయిలు చీకట్లో రోడ్డు మీద నిలబడాల్సి వచ్చేది. బస్సు రెండు స్టాపుల దూరంలో ఉండగానే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా నేను, నా ఫ్రెండ్ ఒక యాప్ చేశాం. రెండు సెమిస్టర్లు నిజంగా వాడారు. ఆ ముక్క రెజ్యూమెలో ఎక్కడా లేదు. పోస్టర్ మీద గ్లోవ్స్ పెట్టి, కూతుళ్లని లోపల దాచేశాను.

తర్వాత మార్చాను. కొన్నాళ్లకి ఉద్యోగమూ వచ్చింది. రెజ్యూమె మార్చడం వల్లే వచ్చిందని చెప్పను, అలా చెబితే పైన నేను రాసిన అయిదో పాయింట్‌కే విరుద్ధం. కానీ ఆ తర్వాత ప్రతి ఇంటర్వ్యూలో బస్సు గురించే అడిగారు.

ఒక నిజం కూడా చెప్పాలి. అన్నీ సరిగ్గా చేసినా కొన్నిసార్లు రాదు. ‘లైట్స్ అవుట్’ ఆగిపోయిందంటే హోల్ట్ మెకాలనీ బాగా చేయలేదని కాదు. ఆరేళ్ల తర్వాత, 2017లో, నెట్‌ఫ్లిక్స్ ‘మైండ్‌హంటర్’లో ఎఫ్‌బీఐ ఏజెంట్ బిల్ టెంచ్‌గా అతన్నే ప్రపంచమంతా చూసింది. మిమ్మల్ని వద్దన్న ప్రతిసారీ మీలోనే లోపం ఉందని అనుకోకండి. అలాగని ఏ లోపమూ లేదని కూడా అనుకోకండి. ఏ దశలో ఆగిపోతున్నారో చూసుకోండి. కాల్ రావట్లేదా, మొదటి రౌండా, చివరి రౌండా? మూడింటికీ మందు వేర్వేరు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు టీవీలో ‘గురు’ వస్తోంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఫైట్ వచ్చినప్పుడల్లా ‘అయిపోయాక చెప్పరా’ అని లోపలికి వెళ్లింది. కోచ్, ఆ పిల్ల మాట్లాడుకునే ప్రతిసారీ తిరిగి వచ్చింది. సినిమా అయ్యేసరికి కూర అడుగంటింది.

మేడమ్ అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. చూస్తాను మేడమ్, మా అమ్మతో కూర్చునే చూస్తాను. కాకపోతే ఆవిడ ఏ సీన్‌కి లేచి వెళ్తుందో, ఏ సీన్‌కి తిరిగి వస్తుందో ముందు రాసుకుంటాను.